పేరు కానుక, వసూలు పన్ను

అరి, కప్పం, సుంకం, శిస్తు, తీరువా, ఆశీలు, రుసుము, సెస్సు... ప్రజల చేతిలోంచి పాలకుల ఖజానాకు చేరే సొమ్ముకు తెలుగునేలపై వేర్వేరు కాలాల్లో స్థిరపడిన పేర్లివి. వీటిలో కొన్ని దేనిమీద వసూలు చేస్తున్నారో సూటిగా చెబుతాయి. ఇంటి మీద వేసేది ఇల్లరి, పశువుల మేతకు కట్టేది పుల్లరి. మరికొన్ని పేర్లు వసూలును కప్పిపుచ్చడానికే పుట్టాయి. బలవంతపు చెల్లింపును కానుకగానో, అభిమానంగానో, పొందిన మేలుకు ప్రతిఫలంగానో చూపడం వాటి పని.

ప్రణయం అనే పన్ను

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజు పంటలో తీసుకునే వాటా భాగం, సరుకు మీద వసూలు చేసేది శుల్కం. ఖజానా ఖాళీ అయినప్పుడు అదనంగా రాబట్టే సొమ్ము పేరు ప్రణయం. ప్రేమతో ఇచ్చేది అన్నట్టు వినిపించే ఈ పన్నును ఒక్కసారే అడగాలి, రెండోసారి అడగకూడదు అని ఆ గ్రంథం నియమం పెట్టింది. అదీ కుదరకపోతే విరాళాలు అడగమంది. ముందుగా రాజు మనుషులే జనంలో కలిసి పెద్ద మొత్తాలు సమర్పించాలి. వారిని చూపించి, తక్కువ ఇచ్చినవారిని సిగ్గుపడేలా చేయాలి.

ఈ పేరు గ్రంథానికే పరిమితం కాలేదు. సుదర్శన తటాకాన్ని బాగుచేయించిన శక రాజు రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో, కరం, విష్టి, ప్రణయాలతో ప్రజలను పీడించకుండానే ఆ పని పూర్తి చేశానని చెప్పుకున్నాడు. విష్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరీ, తెలుగువారి వెట్టి.

దక్షిణాదిలో పన్నుల సంగతి ఎక్కువగా మినహాయింపుల జాబితాల్లోనే తెలుస్తుంది. పల్లవ శివస్కందవర్మ హిరహడగళ్లి తామ్రశాసనం ద్వారా దానమిచ్చిన భూమికి పద్దెనిమిది రకాల మినహాయింపులు ఇచ్చాడు. పాలు, పెరుగు, ఉప్పు, గడ్డి, కట్టెలు, కూరగాయలు, పూలు అక్కడినుంచి తీసుకోకూడదు. మినహాయింపు లేని ఊళ్లు ఏమేం ఇచ్చుకునేవో దీన్నిబట్టి ఊహించవచ్చు.

దర్శనానికీ వెల

కాకతీయుల కాలంలో దరిశనం, అప్పనం, ఉపకృతి అనే పేర్లు కనిపిస్తాయి. దరిశనం రాజును చూడబోయినప్పుడు చెల్లించేది, ఉపకృతి చేసిన మేలుకు బదులుగా ఇచ్చేది, అప్పనం ఫలానా కారణమంటూ లేకుండా పడేది అని చరిత్రకారులు వివరిస్తారు. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఇందుకు భిన్నమైనది. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవారు. ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఆ శాసనం వర్తకులకు హామీ ఇచ్చింది. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద సుంకం ముప్పయ్యో వంతు. పేరూ రేటూ రాతిపై చెక్కి ఉంటే వసూలుదారు ఇష్టారాజ్యానికి హద్దు ఏర్పడుతుంది.

విజయనగర కాలంలో పన్ను పెళ్లి పందిరి దాకా వచ్చింది. వివాహాల మీద సుంకాన్ని, మంగలి వృత్తి మీద పన్నును కొన్ని ప్రాంతాల్లో రద్దు చేసినట్టు శాసనాలు ఉన్నాయి.

పేష్కష్, నజరానా, చౌత్

మొగలుల, నిజాముల పాలనలో పారసీ పేర్లు చెలామణి అయ్యాయి. పేష్కష్ అంటే ముందుంచే కానుక. జమీందార్లు పైవారికి ఏటా కట్టాల్సిన సొమ్ము అదే పేరుతో నడిచింది. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక కూడా జమీందార్లు ఈస్టిండియా కంపెనీకి కట్టేదాన్ని పేష్కష్ అనే పిలిచారు. ఉత్తర సర్కారుల కోసం నిజాముకు కంపెనీ చెల్లించినదీ పేష్కషే. 1823లో ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి దాన్ని వదిలించుకుంది. మరాఠాలు వసూలు చేసిన చౌత్ ఆదాయంలో నాలుగో వంతు. దాడి చేయకుండా ఉండటానికి పుచ్చుకునే ఈ సొమ్ముకు రక్షణ రుసుమన్న సమర్థన ఉండేది.

నిజాం దర్బారులో అష్రఫీలు, రూపాయలు సమర్పించడం నజర్. తెలంగాణ పల్లెల్లో దొర ఇంట పెళ్లయినా, బిడ్డ పుట్టినా రైతులు నజరానా ఇచ్చుకోవాల్సి వచ్చేది. ఇవ్వనని చెప్పే వీలు లేని కానుక అది.

కంపెనీ పాలనలో నేతగాళ్లు, చేతివృత్తులవారు, దుకాణదారుల మీద మొతర్ఫా అనే పన్ను పడింది. దీనిపై, శిస్తు వసూలులోని దౌర్జన్యాలపై గాజుల లక్ష్మీనర్సు చెట్టి నాయకత్వంలోని మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు మొర పెట్టుకుంది. తర్వాత విచారణ జరిపిన సంఘం 1855 నివేదికలో బకాయిదారులను వంచి తాళ్లతో కట్టి ఎండలో నిలబెట్టడం, చెక్కల మధ్య వేళ్లు నొక్కడం వంటి హింసలు నమోదయ్యాయి.

అడవిలో పశువులను మేపినందుకు అటవీశాఖ విధించిన పుల్లరి పల్నాడులో తిరుగుబాటుకు దారితీసింది. దానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. సర్కారు దృష్టిలో అది మేత రుసుము, రైతు దృష్టిలో తరతరాల హక్కు మీద పన్ను.

చందా కాదు, పన్నే

స్వాతంత్ర్యం తర్వాత పేరు గొడవ కోర్టుకెక్కింది. మద్రాసు దేవాదాయ చట్టం మఠాలు, ఆలయాల ఆదాయంలో 5 శాతం దాకా ‘చందా’గా కట్టించుకోవచ్చని చెప్పింది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు అది నిజానికి పన్నేనని, రాష్ట్ర శాసనసభకు దాన్ని విధించే అధికారం లేదని తేల్చింది. రుసుముకు, చేసే సేవకు సంబంధం ఉండాలన్నది ఆ తీర్పులోని కీలకాంశం.

సెస్సు విషయంలో పేరు మరో రకంగా లెక్కకొస్తుంది. ఒక నిర్దిష్ట అవసరానికని వసూలు చేసే సెస్సులు, సర్‌చార్జీలు రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం రాష్ట్రాలకు పంచే పన్నుల మొత్తంలో కలవవు. 2015లో సేవలపై అర శాతం స్వచ్ఛభారత్ సెస్సు, 2016లో మరో అర శాతం కృషి కల్యాణ్ సెస్సు అలాగే వచ్చాయి. 2017లో జీఎస్టీతో రెండూ పోయాయి. కట్టేవాడికి పన్నయినా సెస్సయినా భారం ఒకటే. ఆ రూపాయిలో రాష్ట్రానికి వాటా ఉందా లేదా అన్నది మాత్రం పేరును బట్టే తేలుతుంది.