వాతావరణ మార్పు - ఆల్ప్స్ పర్యాటకం

ఐరోపాలోని ఆల్ప్స్ పర్వత ప్రాంతపు శీతాకాల పర్యాటకం ప్రధానంగా మంచుపై జారే స్కీయింగ్ క్రీడపై ఆధారపడినది. భూతాపం వలన మంచు తగ్గుతున్నందున అక్కడి స్కీయింగ్ కేంద్రాలు వివిధ సర్దుబాటు చర్యలు చేపట్టాయి.

నేపథ్యం

19వ శతాబ్దం చివరి నుండి ఆల్ప్స్‌లో సగటు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల సెల్సియస్ పెరిగినది. ఇది ప్రపంచ సగటు కంటే ఎక్కువ. స్కీయింగ్ కేంద్రం లాభసాటిగా నడవాలంటే ఏడాదికి 100 రోజులు కనీసం 30 సెంటీమీటర్ల మంచు ఉండాలని ఒక అంచనా. దీని ఆధారంగా ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2007లో ఒక నివేదిక వెలువరించినది. అందులో ఐదు దేశాలలోని 666 కేంద్రాలను పరిశీలించగా, 609 కేంద్రాలకు సహజమైన మంచు భరోసా ఉన్నట్లు తేలినది. ఉష్ణోగ్రత మరో 1 డిగ్రీ పెరిగితే ఈ సంఖ్య 500కు, 2 డిగ్రీలు పెరిగితే 404కు, 4 డిగ్రీలు పెరిగితే 202కు తగ్గుతుందని నివేదిక పేర్కొన్నది. ఎక్కువ ముప్పు జర్మనీకి, తక్కువ ముప్పు స్విట్జర్లాండుకు ఉన్నట్లు తెలిపినది.

సర్దుబాటు పద్ధతులు

* కృత్రిమ మంచు: నీటిని సన్నని తుంపరలుగా చల్లని గాలిలోకి చిమ్మి మంచును తయారు చేస్తారు. ఇది అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి.
* ఎత్తు, దిశ: ఎండ తక్కువగా పడే ఉత్తరపు వాలులకు, ఎత్తైన ప్రదేశాలకు స్కీయింగ్ బాటలను మార్చుతారు.
* కప్పడం: వేసవిలో హిమానీనదాల భాగాలపై తెల్లని బట్ట కప్పి కరుగుదలను తగ్గిస్తారు. స్విట్జర్లాండులోని ఆండర్మాట్ వద్ద 2005లో ఇలా చేశారు.
* ఇతర ఆకర్షణలు: కాలినడక, పర్వత సైకిల్ యాత్రలు, వేడినీటి స్నానశాలల ద్వారా ఏడాది పొడవునా పర్యాటకులను రప్పిస్తారు.

పరిమితులు

కృత్రిమ మంచుకు నీరు, విద్యుత్తు ఎక్కువగా కావాలి. గాలి తగినంత చల్లగా లేకపోతే యంత్రాలు పనిచేయవు. అందువలన మంచు తక్కువైన వెచ్చని శీతాకాలంలోనే ఈ పద్ధతికి కూడా ఆటంకం కలుగుతుంది. తక్కువ ఎత్తున గల చిన్న కేంద్రాలు ఈ ఖర్చును భరించలేవు. నష్టాల కారణంగా ఫ్రాన్సులోని లా సాంబుయ్ స్కీయింగ్ కేంద్రాన్ని మూసివేయాలని 2023లో స్థానిక పాలకమండలి నిర్ణయించినది.

ముందస్తు ప్రణాళిక

ఆల్ప్స్‌కు సమీపంలోని జూరా పర్వతాలలో గల మెటాబియెఫ్ కేంద్రం మరొక మార్గం ఎంచుకున్నది. 2030-35 నాటికి వాలు స్కీయింగ్ ముగియగలదని ముందుగానే అంగీకరించి, కొత్త లిఫ్టులపై భారీ పెట్టుబడి మానుకొని, ఉన్నవాటిని నిర్వహిస్తూ ఇతర పర్యాటకానికి సిద్ధమగుచున్నది. లోయలలోని హోటళ్ళు, దుకాణాలు, స్కీ శిక్షకులు, లిఫ్టు కార్మికుల జీవనోపాధి ఈ సీజనుపై ఆధారపడి ఉన్నందున, మూసివేత అకస్మాత్తుగా జరగకుండా వారికి కొంత వ్యవధి లభించడమే ఇటువంటి ప్రణాళిక వలన కలిగే ముఖ్య ప్రయోజనం.