కుర్చీల చోట పుస్తకాలు

బ్యూనస్ ఐరిస్‌లోని శాంటా ఫే వీధిలో గ్రాండ్ స్ప్లెండిడ్ 1919లో నాటకశాలగా మొదలైంది. కట్టించింది మాక్స్ గ్లుక్స్‌మన్. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుంచి అర్జెంటీనాకు వలస వచ్చి సినిమాలు, గ్రామఫోన్ రికార్డుల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి ఆయన. పెరో, టోరెస్ అర్మెంగోల్ అనే వాస్తుశిల్పులు నక్షా గీశారు. సుమారు వెయ్యి మంది పట్టే హాలు, దాని చుట్టూ అంతస్తులుగా బాల్కనీలు, బాక్సులు.

గుమ్మటం లోపలి చిత్రం దగ్గర కాసేపు ఆగాలి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిందన్న సంతోషంతో శాంతిని కీర్తిస్తూ నజరేనో ఒర్లాండి వేసిన బొమ్మ అది. శిల్పాలు ట్రోయానో ట్రోయానీవి. ఇద్దరూ ఇటలీ నుంచి వచ్చినవారే. యూరప్ నుంచి లక్షలాదిగా జనం వచ్చి స్థిరపడ్డ ఆ నగరానికి యుద్ధం ఆగడమంటే సొంత ఇంటి కబురు.

ఆ హాలులో టాంగో గాయకులు పాడారు. 1920లలో పై అంతస్తుల నుంచి రేడియో ప్రసారాలు సాగాయి. 1929లో టాకీ వచ్చింది. నాటకశాల సినిమా హాలుగా మారినా కట్టడం రూపు చెడలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో రాబడి తగ్గి, చివరికి కూల్చివేత మాట కూడా వినిపించింది.

2000లో ఒక పుస్తక వ్యాపార సంస్థ హాలును అద్దెకు తీసుకుంది. మార్పుల బాధ్యత ఫెర్నాండో మన్సోనెది. కుర్చీలు తీసి పుస్తకాల అరలు పెట్టారు. వేదిక మీద కాఫీ హోటల్ వెలిసింది, ఎర్ర తెర అలాగే ఉంది. బాక్సుల్లో కూర్చుని చదువుకోవచ్చు. ఈ కొత్త పని ఇంత బాగా కుదరడానికి కారణం హాలు అమరికే అని నా అభిప్రాయం. వంపు తిరిగిన బాల్కనీ గోడలు అరలకు సరిపోయాయి, ఏ అంతస్తులో నిలబడ్డా హాలంతా కనిపిస్తుంది.

డెట్రాయిట్‌లోని మిషిగన్ థియేటర్‌కు ఈ అదృష్టం లేదు. 1926లో సుమారు 4,000 సీట్లతో కట్టిన ఆ భవనం 1976లో మూతపడింది. కూలిస్తే ఆనుకుని ఉన్న ఆఫీసు భవనానికి ముప్పని, లోపలంతా తొలిచి కార్ల పార్కింగ్ చేశారు. శిథిలమైన పైకప్పు నగిషీలు ఇప్పటికీ కార్ల మీద వేలాడుతున్నాయి. గోడలు మిగిలాయి, థియేటర్ పోయింది.

పాత హాలుకు కొత్త పని వెతికేవాళ్లు దాని బాల్కనీలు, గుమ్మటం, వేదిక దేనికి పనికొస్తాయో ముందు తేల్చుకోవాలి. గజాల లెక్క ఆ తర్వాతే.