పందుంపుల్ల నుంచి హైజీనిస్టు దాకా: పశ్చిమ నెల్లూరులో దంతరక్షణ

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండల పాదాల వెంట పరుచుకున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో దంతరక్షణ చరిత్రను పరిశీలించేవారు ముందుగా అక్కడి రాతిని, నీటిని తెలుసుకోవలసి ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు మండలంగా పేర్కొనే పురాతన శిలావరుసను రెండు సమూహాలుగా విభజించి, వాటికి ఈ సీమలోని వింజమూరు, ఉదయగిరి పేర్లే పెట్టారు. ఇటువంటి కఠిన శిలలలో ఉండే అభ్రకం, ఎపటైటు వంటి ఖనిజాలు ఫ్లోరిన్ మూలకాన్ని ఇముడ్చుకొని ఉంటాయి. భూగర్భ జలం ఆ రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు, ముఖ్యంగా అందులో క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైనప్పుడు, ఫ్లోరైడ్ నీటిలోకి కరిగి చేరుతుంది. వానలు తక్కువగా పడి, చెరువులు త్వరగా ఎండి, తాగునీటికి లోతైన బోర్లే దిక్కయిన మెట్ట గ్రామాలలో ఈ ఫ్లోరైడ్ నేరుగా బిందెలోకి వస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిదనీ, వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ హద్దు దాటిన నీరు పసితనం నుంచీ తాగిన పిల్లలకు పళ్ళమీద సుద్దతెలుపు గీతలు, పసుపు మచ్చలు, తీవ్రమైతే గోధుమరంగు గుంటలు ఏర్పడతాయి. దీనినే దంత ఫ్లోరోసిస్ అంటారు.

ఈ ప్రాంతపు ప్రజలు దంతశుద్ధిని ఏనాడూ నిర్లక్ష్యం చేయలేదు. వేప, కానుగ పందుంపుల్లలు, ఉత్తరేణి వేరు, కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి తరతరాలుగా ఇంటింటా వాడుకలో ఉన్నవే. పందుంపుల్ల పన్నెండు అంగుళాల (అనగా పన్నెండు వేళ్ళ వెడల్పు) పొడవు, చిటికెనవేలి లావు ఉండాలని సుశ్రుత సంహిత ఏనాడో నిర్దేశించింది. నమిలి కుంచెగా చేసిన పుల్ల పంటిమీది పాచిని కొంత తొలగించగలదు గాని, బొగ్గు, ఇటుకపొడి వంటి గరుకు పదార్థాలు ఏళ్ళ తరబడి రుద్దితే పింగాణి పొరనే అరగదీస్తాయి. పింగాణి పొర అంటే పంటి పైభాగాన్ని కప్పి ఉండే అతి గట్టి పొర, అనగా ఎనామిల్. ఫ్లోరోసిస్ మచ్చలను మురికిగా భావించి మరింత గట్టిగా తోమే పిల్లలకు జరిగే నష్టం ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ మచ్చ పంటిమీద అంటుకున్నది కాదు, పన్ను చిగురు లోపల రూపొందుతున్నప్పుడే దానిలో కలిసిపోయినది.

ఈ సంగతి ప్రపంచానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో దంతవైద్యం ప్రారంభించిన ఫ్రెడరిక్ మెక్‌కే అక్కడివారి గోధుమరంగు పళ్ళను గమనించి, కారణం నీటిలోనే ఉన్నదని దశాబ్దాల పాటు వాదించగా, 1931లో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ కారణం ఫ్లోరైడ్ అని తేల్చాడు. ఆ తరువాత ఆరేళ్ళకే, 1937లో, శార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని మానవ ఫ్లోరోసిస్‌ను ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించారు. వారు వర్ణించిన రోగులు నెల్లూరు జిల్లావారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో కొత్త జిల్లాలోకి పోయేవరకు నెల్లూరులోనే ఉండేవి గనుక, ఆనాటి నెల్లూరు అంటే తరువాతి ప్రకాశం మెట్టను కూడా కలుపుకొన్న విశాలమైన జిల్లా అని గుర్తుంచుకోవాలి. మన దేశంలో మనుషులలో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి అధ్యయనంగా దీనినే వైద్య చరిత్ర పేర్కొంటుంది. 1940లో సి.జి. పండిట్, ఆయన సహచరులు పిల్లల పళ్ళమచ్చలను, పెద్దల ఎముకల బిగింపును కలిపి పరిశీలించి, నీటి ఫ్లోరైడ్‌తో పాటు పోషకాహార లోపం కూడా రోగ తీవ్రతను పెంచుతుందని సూచించారు. పేదరికానికీ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని అంత తొందరగా పట్టుకోవడం ఆ పరిశోధనలోని గొప్పతనం.

ఈ పరిశోధనలకు రెండు మూడు దశాబ్దాల ముందే, మరో ఖండంలో, దంతరక్షణకు ఒక కొత్త వృత్తి రూపుదిద్దుకున్నది. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు, రోగం ముదిరిన తరువాత పన్ను పీకడం కంటె ముందే పళ్ళు శుభ్రం చేసి, శుభ్రత నేర్పడం మేలని నమ్మి, 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఆ పనిలో శిక్షణ ఇచ్చాడు. 1913లో ఆయన ప్రారంభించిన పాఠశాలే డెంటల్ హైజీనిస్టుల మొదటి శిక్షణాలయం. అక్కడ చదివిన స్త్రీలను ఆయన పట్టణ పాఠశాలలకు పంపి, పిల్లల పళ్ళు శుభ్రపరచడం, తోముకోవడం నేర్పించడం అనే పనికి నియమించాడు. ఈ వృత్తి పుట్టుక బడితో ముడిపడి ఉన్నదనే విషయం ఉదయగిరి సీమకు ఎంతో ముఖ్యమైనది.

స్వతంత్ర భారతం ఈ వృత్తిని ఆలస్యం చేయకుండానే గుర్తించింది. 1948 నాటి దంతవైద్యుల చట్టం, దంతవైద్యుడు గాని వైద్యుడు గాని కాకుండా, పళ్ళగారను తీయడం, పళ్ళు శుభ్రపరచడం, మెరుగుపెట్టడం లేదా దంతశుభ్రత బోధించడం చేసే వ్యక్తిని డెంటల్ హైజీనిస్టుగా నిర్వచించి, ఆ వృత్తికి ప్రత్యేక నమోదు ఏర్పాటు చేసింది. మరుసటి సంవత్సరం భారత దంతవైద్య మండలి ఏర్పడింది. 2023లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. తెలుగునాట 1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వచ్చింది. అయితే ఈ అభివృద్ధి అంతా వైద్యుల సంఖ్య పెరగడంగానే సాగింది గాని, రెండేళ్ళ శిక్షణతో తయారు కాగల హైజీనిస్టు చిన్న పట్టణాల ఆసుపత్రులకు చేరడం అరుదుగానే ఉండిపోయింది. ఇది ఈ చరిత్రలోని పెద్ద లోటు.

ఆ లోటు పశ్చిమ నెల్లూరులో ఎందుకు ఎక్కువ బాధిస్తుందో కొంత విపులంగా చూడాలి. హైజీనిస్టు మొదటి పని చూసి వేరుచేయడం. పాచి గట్టిపడి పంటి మొదట్లో పేరుకున్న గార వేరు, ఫ్లోరోసిస్ మచ్చ వేరు. చూసేవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. గారను పరికరంతో తొలగించి చిగుళ్ళవాపును ఆపవచ్చు. ఫ్లోరోసిస్ మచ్చ ఇలా గార తీసే స్కేలింగుతో పోదు, దానికి దంతవైద్యుడు చేసే వేరే చికిత్సలు కావాలి. ఈ తేడాను బిడ్డ తల్లికి నచ్చజెప్పగలిగితే అనవసరపు రుద్దుడు, అక్కరలేని ఖర్చు రెండూ తప్పుతాయి. రెండవ పని నమోదు. 1930లలో ట్రెండ్లీ డీన్ రూపొందించిన సూచిక, సందేహాస్పదం నుంచి తీవ్రం దాకా మచ్చలను తరగతులుగా వర్గీకరిస్తుంది. శాశ్వత ముందుపళ్ళ పింగాణి ప్రధానంగా మొదటి మూడు నాలుగేళ్ళలో ఏర్పడి, ఆ పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య బయటికి వస్తాయి గనుక, రెండవ తరగతి పిల్ల పంటిమీది మచ్చ ఆమె పసితనంలో తాగిన నీటిని గురించి చెబుతుంది. అందువల్ల ఊరికి మంచినీరు వచ్చిన ఏడాదే పిల్లల పళ్ళలో మార్పు కోసం వెదకడం వ్యర్థం. ఏటేటా ఒకే బడిలో ఒకే పద్ధతిలో చూసి రాసిపెట్టే మనిషి ఉంటేనే నీటి పథకం ఫలించినదీ లేనిదీ తేలుతుంది.

మూడవది బోధన, ఇదే అన్నిటికంటె సున్నితమైనది. ఇతర ప్రాంతాలలో పిప్పిపళ్ళ నివారణకు మేలుచేసే ఫ్లోరైడ్ పేస్టును నీటిలోనే ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ఊళ్ళో ఉమ్మి వేయడం తెలియని పసివాడు మింగితే, శరీరంలో చేరే మోతాదు మరింత పెరుగుతుంది. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు బఠానీగింజంత మించకూడదనీ, మింగకుండా ఉమ్మివేయించాలనీ, ఈ ఊళ్ళలో పసివారికి ఏ పేస్టు వాడాలో దంతవైద్యుని అడగాలనీ చెప్పవలసి ఉంటుంది. నీటిని కాచడం వల్ల ఫ్లోరైడ్ పోదనీ, ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుందనీ, తల్లి ఏ నీరు తాగినా తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువగానే ఉంటుందనీ తెలిస్తే, పాలపొడిని బోరునీటితో కలిపి పట్టే ఇంట్లో ఎంతో మార్పు వస్తుంది.

నీటిని బాగుచేసే ప్రయత్నాలు వేరుగా సాగాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతిని 1970లలో ప్రచారంలోకి తెచ్చింది. సోమశిల జలాశయం నుంచి ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు పెన్న నీటిని ఎక్కించడానికి హైలెవెల్ లిఫ్టు కాలువ పథకం ఉద్దేశించబడింది. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమానికి తొలివిడతలో ఎంచుకున్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. ఆరు నుంచి పదకొండేళ్ళ బడిపిల్లల పళ్ళను పరీక్షించడం అందులో భాగం. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిప్పిపళ్ళను చేర్చుకున్నది. 2014-15 నాటి జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమైతే దంతవైద్యునితో పాటు హైజీనిస్టు నియామకానికీ సహాయం అందించే వీలు కల్పించింది.

చట్టం ఉన్నది, కార్యక్రమం ఉన్నది, రోగాన్ని దేశంలో మొదట గుర్తించిన జిల్లా ఇదే. ఉదయగిరిలో ఒక హైజీనిస్టును, ఆత్మకూరులో మరొకరిని నియమించి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు మండలాల బడులకు ప్రతి ఏటా పంపి, వారు రాసిన పట్టికలను నీటి పరీక్షల పట్టికలతో కలిపి చూసే ఏర్పాటును జిల్లా ఆరోగ్య శాఖ ఇప్పుడైనా చేయాలి.