కోనసీమలో విత్తుకొట్టిన మేకపోతు

మేకను గూర్చి రేడియోలోఁ బ్రసంగమేమని నవ్వకుఁడు. చరిత్రకారులు పెరటిలోని జంతువును మఱచిరి గాని, రాజులు మఱవలేదు. అశోకచక్రవర్తి పట్టాభిషిక్తుఁడై 26 సంవత్సరములు గడచిన పిమ్మట స్తంభములపైఁ జెక్కించిన యైదవ శాసనములో, కోడెలకును మేకపోతులకును పొట్టేళ్లకును పందులకును కొన్ని దినములందు విత్తు కొట్టరాదని యాజ్ఞ యున్నది. పక్షమున అష్టమి, చతుర్దశి, పదునైదవ దినము, పుష్యమీ పునర్వసు నక్షత్రములు అందుఁ జెప్పఁబడినవి. తక్కిన దినములందు ఆ పని జరుగుచుండెననియే కదా దీని యర్థము! ఆ స్తంభములు మన యాంధ్రదేశమున లేవు. కావున నా యాజ్ఞ గోదావరీతీరమున నడచెనని నేననను. యాజ్ఞవల్క్యస్మృతి మఱింత కఠినము. కోడెల యొక్కయుఁ జిన్న పశువుల యొక్కయుఁ బుంస్త్వమును జెఱచినవానికి 100 పణముల దండము విధించినది. శాస్త్రమునకు దోషమైన యా పని కాఁపునకు మాత్రము అవసరమయ్యెను.

ఇఁక మన సీమకు వత్తము. ధవళేశ్వరమునఁ గాటనుదొర 1847లో నారంభించిన యానకట్ట 1852లో ముగిసెను. గన్నవరము అక్విడక్టు కాలువనీటిని వైనతేయము దాఁటించి రాజోలు వైపునకుఁ గొనిపోయెను. నీరు వచ్చినచోట వరియు, మెరకలందుఁ గొబ్బరియుఁ బెరిగి, బీడు తగ్గెను. మెట్టసీమ గొల్లలవలె నూఱేసి మేకలను తోలుకొనిపోవుటకు ఇచ్చటఁ జోటెక్కడిది? కాలువగట్లు, లంకలు, తోఁటల నడిమి గడ్డి, ఇవియే మిగిలినవి. అందుచే మేక మందలోఁ గాక, కూలివాని గుడిసె ముందర గుంజకు ఒకటి రెండుగాఁ గట్టఁబడినది.

కొబ్బరికి మొవ్వు ఒక్కటే. మేక దానిని గొఱికిన నా మొక్క మరల చిగుర్పదు. తోఁట యజమానికి ఏండ్ల కష్టము పోవును. కూలివాని కా మేకయే నిలువసొమ్ము. ఈ తగవు తరచుగా బందెలదొడ్డికిఁ బోయెడిది. 1871 నాఁటి పశువుల చట్టము మేకకు 1 అణా, ఎద్దునకు 4 అణాలు, గేదెకు 8 అణాలు జుల్మానా విధించెను. ఏనుఁగునకు 2 రూపాయలు! మన తోఁటలలో నేనుఁగు లెచ్చటివో చట్టము వ్రాసినవారికే తెలియవలెను. మేఁత ఖర్చు వేఱుగా నిచ్చుకొనవలసినదే.

పోతు నాలుగైదు నెలలకే మదించును. త్రాళ్లు త్రెంచును, కంచెలు దూఁకును, గడ్డముపైఁ దన మూత్రమునే చల్లుకొని దుర్వాసన కొట్టును. తల్లియని చెల్లెలని యెఱుఁగదు. రెండు మూఁడు మేకలున్న యింట దానిని విడిచినచో లేఁతపిల్లలే చూలు దాల్చి చెడును. పాతిక మేకలకు ఒక విత్తనపుఁబోతు చాలును. తక్కినవానికి విత్తు కొట్టినచో నెమ్మదిపడి, కట్టినచోట మేసి, క్రొవ్వు పట్టును. మాంసమునకు మదపు వాసన యుండదు. మేక యొంటిగా నుండలేదు గనుక ఒక్క పాడిమేక గలవారికి ఇది తోడు, ఎరువు సరేసరి. కూఁతురు పెండ్లికో, వైద్యునికో సొమ్ము కావలసిన నాఁడు సంతకుఁ దోలవచ్చును. గ్రామదేవతకు మ్రొక్కినదానికి మాత్రము విత్తు కొట్టరు. ముసల్మానులు బక్రీదునకు ఖసీని సమ్మతింతురు. ఖసీ యనునది అరబ్బీ నుండి వచ్చిన మాట.

పూర్వము ఱాతితో నలుపుటయో, కత్తితోఁ గోయుటయో చేసెడివారు. పుండు పట్టి, ఈఁగలు వ్రాలి, పురుగులు పడి, ధనుర్వాతము కమ్మి యెన్ని పిల్లలు చచ్చినవో లెక్క వ్రాసినవారు లేరు. ఇటలీ దేశపుఁ బశువైద్యుఁడు బర్డిజో కల్పించిన పట్టుకారు చర్మము తెగకుండ లోపలి నరమునే నలుపును. రక్తము కాఱదు, ఈఁగకుఁ జోటు లేదు. 1960 నాఁటి జంతుహింసా నివారణ చట్టము ఈ పనిని మాన్పక, విధించిన రీతిని జేయుమన్నది. 2023 నియమములు పశువైద్యునిచేతను, మత్తు నిచ్చియుఁ జేయింపవలెనన్నవి. పల్లెకు వైద్యుఁడు వేళకు రానిచో ఈ నియమము కాగితముపైననే నిలుచునని నా భయము.

వరిసీమవారి కొక మాట. మరీ పసికూనగా విత్తు కొట్టినచో మూత్రనాళము సన్నముగా నిలిచిపోవును. అట్టిదానికిఁ జౌకగా దొరకునని తవుడు మెండుగాఁ బెట్టినచో ఱాళ్లు గట్టి మూత్రము బిగియును. రెండు మూఁడు దినములలోఁ బ్రాణము పోవును. రెండు మూఁడు నెలలైనను నిండనిచ్చి, తవుడు తగ్గించి, ఆకు మేపి, నీరు నిండుగాఁ ద్రాగనిండు.