కుంచె కడుగు ద్రవము

గాజునూలు గుడ్డను అచ్చుపై పఱచి, రెజినుతో తడిపి, లోపల గాలిబుడగలు నిలువకుండ లోహపు రోలరుతో నొక్కి పడవ కట్టు పనివానికి గడియారముతో పోటీ తప్పదు. క్యాటలిస్టు కలిపిన రెజిను 20, 30 నిమిషములలో బిగియ నారంభించును. ఆలోగా కుంచె వెండ్రుకల నడుమను, రోలరు గాడులయందును చిక్కిన జిగురు కరగవలెను. కరగనిచో మరునాటికి కుంచె కఱ్ఱయై పోవును.

1942లో అమెరికాలోని టొలీడో నగరమున రే గ్రీన్ పాలియెస్టరు రెజినుతో చిన్న పడవ కట్టెను. 1953లో షెవ్రొలే సంస్థ తొలి 300 కార్వెట్టు కార్ల బాడీలను ఇదే పదార్థముతో చేసెను. ఈ వృత్తి వ్యాపించిన చోటులకెల్ల కుంచె కడుగు అసిటోను డబ్బాయు వెంటనంటి పోయెను. ఒకప్పుడు కొయ్యను బట్టీపెట్టి సంపాదించిన ఈ ద్రవము మొదటి ప్రపంచయుద్ధమున కార్డైటు మందుగుండునకు అత్యవసరము కాగా, మాంచెస్టరునందు హాయిమ్ వైజ్‌మన్ ధాన్యపు పిండిపదార్థమును సూక్ష్మజీవులచే పులియించి దానిని తీయు మార్గము కనిపెట్టెను. రెండవ యుద్ధానంతరము ఫినాలుతో పాటు ఉపోత్పత్తిగా విస్తారముగా లభించుటచే అది చౌకయయ్యెను. కుంచెను క్షణములో శుభ్రపఱచి, 56 డిగ్రీలకే మరిగి, తడి మిగులకుండ ఆరిపోవు ద్రవమును పనివాడెట్లు విడుచును?

ఆ గుణమే ప్రమాదమునకును మూలము. నీరు గడ్డకట్టు చలికంటె 20 డిగ్రీలు దిగువనున్నను దాని యావిరి నిప్పునంటుకొనగలదు; గాలికంటె రెండింతలు బరువగుటచే నేలనంటి ప్రాకి, దూరముననున్న నిప్పురవ్వను చేరును. దినమున పలుమార్లు అందులోనే చేతులు కడిగికొను పనివారి చర్మము నూనె యింకి, తెల్లబడి, పగుళ్లు వాఱును.

1980వ దశకమున దక్షిణ కాలిఫోర్నియాలో గాలి కాలుష్యమునకు కళ్లెము వేయబూనిన నిబంధనలు పడవల కర్మశాలలను ప్రత్యామ్నాయములవైపు మరలించెను. నైలాను తయారీ ఉపోత్పత్తుల నుండి తీసిన డైబేసిక్ ఎస్టరులు, ప్రొపిలీన్ కార్బొనేటు ముందునకు వచ్చెను. మొదటివి సుమారు 100 డిగ్రీలు, రెండవది 130కి పైగా వేడెక్కినగాని అంటుకొనవు. త్వరగా ఆవిరికావు గనుక, అడుగున పేరుకొన్న రెజినును తీసివైచి అదే ద్రవమును మరల మరల వాడవచ్చును.

1995లో అమెరికా పర్యావరణ సంస్థ పొగమంచునకు కారణమగు ద్రవముల పట్టికనుండి అసిటోనును తొలగింపగా, అనేకులు పాత డబ్బాకే మరలిరి. ఆ నిర్ణయము ఆకాశపు గాలినిగూర్చినది. కర్మశాల నేలమీది నిప్పునుగూర్చి అది యేమియు చెప్పలేదు. అట్లు పాత డబ్బాకు మరలుట పెద్ద పొరపాటని నా తలంపు. ప్రత్యామ్నాయములన్నియు నిర్దోషములు కావు: మిథైల్ పైరోలిడోన్ అను ద్రావకము సులువుగ నిప్పంటుకొననిదైనను, గర్భస్థ శిశువునకు హానికరమని 2011లో ఐరోపా దానిని ప్రమాదకర పదార్థముల జాబితాకెక్కించెను.

విశాఖ, కాకినాడ తీరములలో కొయ్యతెప్పల చోట ఫైబరు పడవలు దిగినప్పటినుండి ఈ సంగతి మన పడవలు కట్టు చేతులకును చెందినదే. ఎస్టరులో నానిన కుంచెను సబ్బునీట జాడించి, పిండి, బాగుగ ఆరవేయవలెను. తడి మిగిలినచో తరువాతి పొర సరిగా గట్టిపడదు. ఆ యాలస్యమును భరించుటకు మనిషికి మఱి రెండు కుంచెలిచ్చిన చాలును.