గోథిక్ భయానక రోల్‌ప్లేయింగ్ క్యాంపెయిన్

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి, నెలల తరబడి వారానికోసారి కలుస్తూ, మాటలతోనూ పాచికలతోనూ నడుపుకునే భయానక కథే గోథిక్ భయానక క్యాంపెయిన్. ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి లోకాన్నీ అందులోని దుష్టుణ్నీ నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. వేషాలూ వేదికా ఉండవు. తన పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు నోటితో చెబుతాడు, అది నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. పాడుబడ్డ కోట, పెద్దింటి పాత పాపం, చావురాని ప్రభువు ఈ తరహాకు ఆనవాళ్లు. ఆట పుట్టింది అమెరికాలోనే అయినా, దానికి కావలసిన సరుకు ఖమ్మం జిల్లా నేలకొండపల్లి తనదని చెప్పుకునే విరాటరాజు కథలో నిండుగా ఉంది.

పుట్టుక

గోథిక్ నవలకు ఆద్యుడిగా హొరేస్ వాల్పోల్‌ను చెబుతారు. ఆయన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' 1764లో వచ్చింది. ఆ దారిలోనే మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818), బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' (1897) వచ్చాయి. బల్ల మీది ఆటకు ఈ భయం అంత తొందరగా అంటలేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో తొలినాళ్ల ఆటంతా నేలమాళిగలో దూరడం, ఎదురొచ్చినదాన్ని కొట్టడం, నిధి మూటగట్టుకోవడం. రక్తపిశాచి కూడా ఏదో ఒక గది తలుపు తీస్తే తగిలే మరో శత్రువు, అంతే.

అలా ఉత్తపుణ్యానికి ఎదురైన పిశాచిని చూసి ట్రేసీ హిక్‌మన్ అనే ఆటగాడికి చిరాకేసింది. వీడికి ఇక్కడేం పని అన్నది ఆయన ప్రశ్న. భార్య లారాతో కలిసి పిశాచి కథలు తిరగేసి, ఒక కోటనూ దానికో యజమానినీ కల్పించాడు. కొన్నేళ్లపాటు హాలోవీన్ రోజుల్లో స్నేహితులతో ఆడించిన ఆ సాహసాన్ని 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురించే టీఎస్ఆర్ సంస్థ 1983లో 'రావెన్‌లాఫ్ట్' పేరుతో అచ్చువేసింది. ముప్పైరెండు పేజీల పుస్తకం.

అందులో బరోవియా ప్రభువు స్ట్రాడ్ తమ్ముడి పెళ్లికూతురు తాతియానా మీద మనసుపడతాడు. పెళ్లిరోజునే తమ్ముణ్ని చంపుతాడు. ఆమె అతనికి దక్కకుండా కోట గోడ మీంచి దూకేస్తుంది. ఆ తర్వాత అతనికి చావూ లేదు, ఆమె మీద ఆశా చావదు. ఆట మొదట్లో ఒక సోదెమ్మ పేకముక్కలు పరుస్తుంది. ఆయుధం ఎక్కడ దొరుకుతుందో, స్ట్రాడ్ ఈసారి దేనికోసం తిరుగుతున్నాడో ఆ ముక్కలే నిర్ణయిస్తాయి. అందుకే ఒకసారి ఆడినవాడికి కూడా రెండోసారి కోట కొత్తగానే ఉంటుంది. ఈ రంగంలో ఇంతకంటే తెలివైన ఎత్తు మరొకటి పడలేదనిపిస్తుంది.

తరువాతి మార్పులు

భయాన్ని లెక్కకు తెచ్చింది మాత్రం రావెన్‌లాఫ్ట్ కంటే ముందే వచ్చిన ఇంకో ఆట. శాండీ పీటర్సన్ 1981లో రాసిన 'కాల్ ఆఫ్ క్తుల్హు'లో పాత్రకు ప్రాణంతో పాటు మతిస్థిమితానికీ అంకెలున్నాయి. చూడరానిది చూసినకొద్దీ అవి తరిగిపోతాయి. 1990లో బ్రూస్ నెస్మిత్, ఆండ్రియా హేడే చేతుల్లో రావెన్‌లాఫ్ట్ ఒక కోట నుంచి మొత్తం లోకంగా పెరిగింది. అక్కడ ప్రతి దేశమూ దాని ప్రభువుకు చెరసాల. మరుసటి ఏడాది మార్క్ రైన్-హేగన్ 'వాంపైర్: ది మాస్కరేడ్' పిశాచి పాత్రనే ఆటగాళ్ల చేతికిచ్చింది. 1997లో టీఎస్ఆర్‌ను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుక్కుంది. ఆ సంస్థ 2016లో పాత కోటను 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్'గా మళ్లీ నిలబెట్టింది.

నడిపే తీరు

భయానక క్యాంపెయిన్‌లో గేమ్ మాస్టర్ పని చాలావరకు దాచిపెట్టడమే. వచ్చినదాని పేరు చెప్పిన క్షణాన భయం సగం చస్తుంది. వాసన, చప్పుడు, తీసి ఉండాల్సిన తలుపు మూసి ఉండటం, ఇలాంటివే ముందు చెప్పాలి. దుష్టుడికి ఒక కోరిక ఉండాలి. ఆటగాళ్లు ఊరుకున్నా వాడు ఊరుకోకూడదు. పైగా తొలి కలయికలోనే వాడు కనబడి, మర్యాదగా మాట్లాడి వెళ్లిపోవాలి. బల్ల దగ్గర ఎవరికైనా నిజంగానే కష్టంగా ఉంటే సన్నివేశం ఆపడానికి ఒక సైగ ఉంటుంది. జాన్ స్టావ్రోపౌలోస్ 2013లో ప్రచారంలోకి తెచ్చిన 'ఎక్స్ కార్డు' అలాంటిదే. ఆ ముక్కను తాకితే చాలు, కారణం అడగరు.

నేలకొండపల్లి, విరాటపర్వం

నేలకొండపల్లిని బయటివాళ్లు ఎక్కువగా ఎరిగింది భక్త రామదాసు పుట్టిన ఊరుగా, బౌద్ధ మహాస్తూపం ఉన్న చోటుగా. ఊరివాళ్లు విరాటరాజు దిబ్బనూ కీచకగుండాన్నీ కూడా చూపిస్తారు. పండితులు సాధారణంగా విరాటనగరాన్ని రాజస్థాన్‌లోని బైరాట్ అంటారు గానీ, ఆ తగువుతో ఆటకు పనిలేదు.

విరాటరాజు కొలువులో పాండవుల అజ్ఞాతవాసాన్ని ఆట కంటితో చూస్తే నియమాలతో సహా తయారుగా ఉంటుంది. ద్రౌపదితో కలిపి ఆరుగురు తలా ఒక పాత్ర వేశారు. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు, సైరంధ్రి. గడువు ఏడాది. గుట్టు బయటపడితే మళ్లీ పన్నెండేళ్ల అడవి. ఆయుధాలు ఊరిబయట శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని వేలాడదీశారు. అది మా నూటఎనభై ఏళ్ల తల్లి, ఇది మా కులాచారం అని పశులకాపరులకు చెప్పినట్టు సంస్కృత భారతంలో ఉంది. దసరాకు మనం ఆకు తెంపే జమ్మి కథ ఇది. పాచికలూ ఉన్నాయి. కొడుకు గెలుపును తక్కువ చేసి బృహన్నలను పొగిడాడని రాజు విసిరిన పాచిక తగిలి కంకుభట్టు ముక్కు వెంట రక్తం కారుతుంది.

ఇక కీచకుడు. రాణి సుధేష్ణ తోడబుట్టినవాడు, సేనాపతి, రాజుకే అడ్డు చెప్పలేని బలం. ఒల్లని స్త్రీ మీద ఆశపడి చెడినవాడు కనుక స్ట్రాడ్‌కు దగ్గరి చుట్టమే. 1963 'నర్తనశాల'లో ఎస్వీ రంగారావు ఈ పాత్రకిచ్చిన దర్జా చూసినవాళ్లకు గోథిక్ దుష్టుడంటే ఎలా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. కాకపోతే ఇక్కడ చీకట్లో పొంచి ఉన్నది దుష్టుడు కాదు, భీముడు. కీచకుడు పరిమళాలు పూసుకుని చీకటి నర్తనశాలకొచ్చి, పడుకున్నది సైరంధ్రే అనుకుని చెయ్యి వేస్తాడు.

దీన్ని బల్ల మీదికి తేవాలంటే ఆటగాళ్లకు పాండవుల పాత్రలు ఇవ్వకపోవడమే మేలు. వాళ్లను అంతఃపురం కావలివాళ్లను చేసి, తెల్లవారుజామున దివిటీతో ఆ గదిలోకి పంపాలి. కాళ్లూ చేతులూ తలా మొండెంలోకి కుక్కేసిన మాంసపు ముద్ద. చంపింది గంధర్వులంటున్నారు. సాయంత్రానికి నూటైదుగురు ఉపకీచకులు సైరంధ్రిని శవంతో పాటు కాల్చడానికి శ్మశానానికి ఈడ్చుకుపోతారు. కావలివాళ్లు ఎటు నిలబడతారన్నదే రెండో వారం ఆట.

ఒక అభ్యంతరం

బరోవియా కథలో సంచారజాతి వాళ్లను మోసగాళ్లుగా, మాంత్రికులుగా చూపిన తీరు మీద విమర్శలు రావడంతో విజర్డ్స్ సంస్థ 2020 నుంచి ఆ వర్ణనలను సవరిస్తూ వచ్చింది. మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. 'తులసిదళం' నవలతో యండమూరి వీరేంద్రనాథ్ కాష్మోరా అనే క్షుద్రశక్తిని ఇంటింటి మాట చేసినప్పుడు పాఠకులు ఎగబడ్డారు, మూఢనమ్మకాలు పెంచుతున్నారని మందలించినవాళ్లూ ఉన్నారు. భద్రాచలం అడవి అంచున కథ పెట్టి, కోయగూడెంలో ఒక మంత్రగాణ్ని నిలబెట్టడం గేమ్ మాస్టర్‌కు చిటికెలో పని. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో నిజంగా జరిగాయి కనుక, అక్కడ దుష్టుణ్ని గూడెంలో కాక రాజు కొలువులోనే వెతకాలి.