చారిత్రక వస్త్రం నుండి కాస్‌ప్లే వరకు: ఆహార్య అనుసరణలో విధేయత

నాట్యశాస్త్రం ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించింది. వస్త్రాభరణాలు అలంకారం కిందికి, ముఖవర్ణాలు, కేశరచన వంటివి అంగరచన కిందికి, కృత్రిమంగా నిర్మించిన ఆయుధాది వస్తువులు పుస్తం కిందికి వస్తాయి. కల్పిత పాత్రల వేషాన్ని అభిమానులు స్వయంగా రూపొందించుకొని ధరించే కాస్‌ప్లేను పరిశీలించడానికి ఈ విభజన ఎంతగానో ఉపకరిస్తుంది. చారిత్రక ఇతివృత్తం గల సంగీతనాటకంలోని వేషాన్ని అభిమాని అనుసరించినప్పుడు, అతడి విధేయత చరిత్రకా, రంగస్థలానికా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్నను రెండు ప్రదర్శనల ఆధారంగా చర్చించడం ఈ వ్యాసం లక్ష్యం.

1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి మర్టిల్ డగ్లస్, ఫారెస్ట్ అకర్‌మన్‌లు భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వచ్చారు. ఆ రెండింటినీ కుట్టినది డగ్లసే. అభిమాని వేషధారణకు ఇది తొలినాటి ప్రసిద్ధ ఉదాహరణ. ‘కాస్ట్యూమ్’, ‘ప్లే’ అనే మాటలను కలిపి ‘కాస్‌ప్లే’ అనే పదాన్ని 1983లో జపాన్‌లో నొబుయుకి తకహాషి ప్రచారంలోకి తెచ్చాడు. అంటే పేరు కంటే ఆచరణ నాలుగు దశాబ్దాలకు పైగా పాతది.

చరిత్రలోని వస్త్రానికీ, రంగస్థల వస్త్రానికీ నిర్మాణంలోనే భేదముంది. 18వ శతాబ్దపు ఐరోపా స్త్రీల గౌను ముందుభాగాన్ని తరచుగా గుండుసూదులతోనే బిగించేవారు. లోపల ధరించే బిగుతు కంచుకానికి తిమింగలం నోటి నుండి తీసిన బలీన్ పట్టీలు ఆధారం. అటువంటి గౌను ధరించడానికి సమయమూ, కొన్నిసార్లు పరిచారికా కావాలి. రంగస్థలంపై కొన్ని క్షణాలలో వేషం మార్చవలసిన నటికి ఆ అవకాశం లేదు. కాబట్టి సూదుల స్థానంలో జిప్పులు, కొక్కేలు, ప్రెస్ బటన్లు చేరాయి. నృత్యంలో చేయి పైకెత్తడానికి వీలుగా చంక కింద అదనపు గుడ్డ చేరింది. దూరాన కూర్చున్న ప్రేక్షకుడికి కుట్టు కనిపించదు. రంగు, ఆకృతి మాత్రమే కనిపిస్తాయి. రంగస్థల రూపకర్త ముందుగా ఆలోచించేది ఆ రెండింటినే.

‘హామిల్టన్’ సంగీతనాటకం 2015లో న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది. దీని వేషకర్త పాల్ టేజ్‌వెల్‌కు 2016లో టోనీ పురస్కారం లభించింది. ఆయన పాటించిన సూత్రం సరళమైనది: మెడ నుండి కిందికి 18వ శతాబ్దం, మెడ నుండి పైకి నేటి కాలం. నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే అలంకారం గతానిది, అంగరచన వర్తమానానిది. బృంద నర్తకుల దుస్తులు పాత తోలుకాగితం రంగులో ఉంటాయి. ఖజానా మంత్రిగా హామిల్టన్ ధరించే ఆకుపచ్చ పట్టు దుస్తులు డబ్బును స్ఫురింపజేస్తాయి. అయితే అమెరికా ప్రభుత్వం ఆకుపచ్చ కాగితపు నోట్లను వెలువరించినది 1861లో. హామిల్టన్ 1804లోనే మరణించాడు. అంటే ఆ రంగు చరిత్రను కాదు, నేటి ప్రేక్షకుడి జ్ఞాపకాన్ని ఉద్దేశించినది.

ఇక్కడ మరింత ముఖ్యమైన అంశం ఒకటుంది. వాషింగ్టన్, జెఫర్సన్ బానిసలను కలిగివున్నవారు. వారి పాత్రలను నల్లజాతి నటులు తమ సహజ కేశరచనతో పోషించడం వల్లనే ఆ కోటుకు అర్థం సిద్ధిస్తుంది. మూడవ జార్జి రాజు ఒక్కడే కిరీటంతో, నిండు రాజవేషంతో కనిపించడం ఈ భేదాన్ని స్పష్టపరుస్తుంది. కోటును చక్కగా కుట్టి, దానికి తెల్లని విగ్గును జోడించిన అభిమాని చరిత్రకు ఒక అడుగు దగ్గరవుతాడు, నాటకానికి మాత్రం దూరమవుతాడు. అర్థంలో సగం వస్త్రంలో లేదు. ధరించిన దేహంలో ఉంది.

రెండవ ఉదాహరణ జపాన్‌కు చెందినది. రియోకో ఇకెదా 1972-73లో ప్రచురించిన చిత్రకథ ‘వెర్సాయ్ గులాబీ’ని 1974లో తకరజుక నాటకసంస్థ రంగస్థలానికి తెచ్చింది. ఈ సంస్థలో నటులందరూ స్త్రీలే. మేరీ ఆంత్వానెత్ ఆస్థానంలో పురుషుడిలా పెరిగిన ఆస్కార్ అనే కల్పిత సైనికాధికారిణి ఇందులో ప్రధాన పాత్ర. కథాకాలం 1789 విప్లవానికి ముందుది అయినా, ఆస్కార్ యూనిఫాం తరువాతి నెపోలియన్ కాలపు సైనిక దుస్తులకు దగ్గరగా ఉంటుంది. పురుషపాత్రధారిణులు శరీరపు వంపులను కప్పడానికి లోపల మెత్తలు కట్టుకొని, భుజాలు విశాలంగా కనిపించేలా చూసుకుంటారు. కాలవ్యత్యాసం గల ఆ యూనిఫామే పాత్రకు గుర్తుగా స్థిరపడింది. 1780ల నాటి అసలు యూనిఫాం ధరించి వచ్చిన వ్యక్తిని ఆస్కార్‌గా పోల్చుకోవడం కష్టం. ఇక్కడ చారిత్రక దోషమే పాత్ర లక్షణంగా మారింది.

పదార్థాల ఎంపికలోనూ ఈ అనుసరణ సూత్రబద్ధమే. నేటి కాస్‌ప్లే రూపకర్తలు బలీన్‌కు బదులు ప్లాస్టిక్ పట్టీలను, లోహ కవచానికి బదులు ఫోమ్ షీటును వాడతారు. బరువైన ఆభరణాలు నటుడిని అలసటకు గురిచేస్తాయనీ, రంగస్థల వస్తువులను తేలిక పదార్థాలతో చేయాలనీ నాట్యశాస్త్రం ఏనాడో నిర్దేశించింది. తేలిక కొయ్యతో కిరీటాలు, భుజకీర్తులు చేసుకున్న తెలుగు యక్షగాన సంప్రదాయం పాటించినది ఈ నియమాన్నే. ఫోమ్ కవచాన్ని నకిలీగా తక్కువచేసి చూడడం అందువల్ల శాస్త్రసమ్మతం కాదు.

అయితే లాఘవం వేరు, విస్మృతి వేరు. పదార్థాన్ని మార్చినందువల్ల పాత్రకు హాని లేదు. వేషకర్త ఏ మార్పును ఎందుకు చేశాడో గుర్తించకుండా అనుకరిస్తే, అనుకృతి తెలియకుండానే చరిత్రగా చలామణీ అవుతుంది. ఆస్కార్ యూనిఫాం 1789 నాటి ఫ్రాన్సుకు సాక్ష్యంగా, ఆకుపచ్చ పట్టు హామిల్టన్ నాటి ధనానికి సాక్ష్యంగా నిలిచిపోతాయి. కాబట్టి కాస్‌ప్లే వేషాన్ని పరిశీలించేవారు దాన్ని చారిత్రక వస్త్రంతో మాత్రమే పోల్చడం చాలదు. చరిత్రలోని వస్త్రం, రంగస్థల రూపం, అభిమాని అనుకృతి అనే మూడు దశలనూ పక్కపక్కన ఉంచి, ప్రతి దశలో ఏది నిలిచింది, ఏది జారింది, ఏది కొత్తగా చేరింది అని విడివిడిగా గుర్తించాలి. అప్పుడే ఆహార్యం ఒక కాలం తన గతాన్ని ఎలా చదువుకున్నదో తెలిపే ఆధారంగా అధ్యయనానికి అందుతుంది.